పొడి వంతెన మీద

కుతాయిసిలో తెల్లవారకముందే రైలెక్కాను.
ఒళ్లో సంచి, సంచిలో
పుల్ల ఆల్‌బుఖారా పచ్చడి సీసా,
మూత చుట్టూ బిగించి కట్టిన పాత మేజోడు.
పగిలితే నా కోటు పోతుంది,
పగలకపోతే త్సియాలా మొహం చూడొచ్చు.
ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత వెళ్తున్న మనిషి
చేతులూపుకుంటూ వెళ్తే ఏం బావుంటుంది?

త్బిలిసి స్టేషన్లో నేను వెతికింది ఒక పొడుగాటి జడని.
నన్ను పిలిచింది ఒక తెల్లటి క్రాపు.
"లావయ్యావే" అంది.
"కుంగిపోయావే" అన్నాను.
"ముందు కావలించుకోండి, తూకాలు తర్వాత" అంది జుజునా.
హాస్టల్లో కూడా మా తగువులు అదే తీర్చేది,
తీర్చి, కిటికీ పక్క మంచం తనే తీసుకునేది.

ఊరు చూపిస్తామన్నారు.
తీరా చూస్తే ఊళ్లోవాళ్లకీ ఊరు తెలీదు.
కొండ మీదికి తాడు లాక్కెళ్లే రైలుపెట్టెని
త్సియాలా నలభై ఏళ్లుగా వంటింట్లోంచి చూస్తోందట,
ఎక్కడం మాత్రం ఇదే మొదలు.
"రోజూ కనిపించేదాన్ని చూడ్డానికి ఎవరు పోతారే?" అంది,
రెండు చేతుల్తో కడ్డీని వాటేసుకుని.
పైనుంచి చూస్తే
నది, ఎవరో విప్పి పడేసిన నడికట్టు.
ఇళ్ల కప్పులు తుప్పు, ఇటుక, మళ్లీ తుప్పు.
"అదిగో, నేను ఆరేసిన దుప్పటి" అంది జుజునా.
అంత ఎత్తునుంచి ఎవరి దుప్పటైనా ఒకటే.
సరేనన్నాం.

గంధకపు స్నానాల వీధిలో ముక్కు మూసుకున్నాను.
గుమ్మటం కింద, ఆవిరిలో,
మా కంటే పెద్దావిడ ఒకామె
గరుకు తొడుగుతో మా వీపులు తోమింది
పాత బాకీ వసూలు చేస్తున్నట్టు.
ఆపరేషన్ గాట్లు లెక్కపెట్టుకున్నాం.
జుజునా గెలిచింది.

సాయంత్రం పొడి వంతెన.
కింద పారే నీళ్లు ఎప్పుడో పోయాయి, పేరు మిగిలింది.
దుప్పట్ల మీద పతకాలు, కెమెరాలు,
చెవి విరిగిన పింగాణీ కప్పులు,
ఎవరిదో పెళ్లి ఫొటో,
కొనేవాళ్లకి కావలసింది ఫ్రేమేనట.
నేనొక చెంచాని బేరమాడుతున్నాను.
మూడో లాంతరు స్తంభం దగ్గర త్సియాలా ఆగింది.
"ఇది నా చోటు" అంది.

ఏం చోటు?

"కరెంటు లేని ఆ చలికాలాలు.
ముందు పుస్తకాలు. తర్వాత అమ్మ చెంచాలు.
తర్వాత పియానో. పియానోని ఇక్కడికి మోసుకురాలేంగా,
అట్టముక్క మీద రాసి మెడలో వేసుకు నిలబడ్డాను."
బస్సు ఎక్కడాగుతుందో చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆ చలికాలాల ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి.
ప్రతి దాంట్లోనూ మేమంతా క్షేమం,
నువ్వూ క్షేమమని తలుస్తాను.
ఒకదాంట్లో కేకు ఎలా చెయ్యాలో కూడా రాసింది,
ఆరు గుడ్లతో.
అది అందిన పూట
నేను పడగ్గది నేలచెక్కలు పీకి పొయ్యిలో పెడుతున్నాను.
గునపం పక్కన పెట్టి జవాబు రాశాను:
ఇక్కడ మేమంతా క్షేమం. కేకు బాగా పొంగింది.

స్తంభం దగ్గర, ఇన్నాళ్లకి, అది చెప్పాను.
త్సియాలా నా మొహంలోకి చూసింది.
"ఆరు గుడ్లు నీకెక్కడివే?"
"నీకెక్కడివే?"
జుజునా మాత్రం నవ్వలేదు.
"ఆ కేకు సంగతి నాకూ రాశారు, ఇద్దరూ.
బతూమిలో మొక్కజొన్న జావ తాగుతూ చదివాను.
రాత్రంతా ఏడ్చాను,
కుళ్లుతో."

అప్పుడు పట్టుకుంది నవ్వు.
స్తంభాన్ని పట్టుకుని ఒకరు, ఒకరినొకరు పట్టుకుని ఇద్దరు.
పతకాలమ్మే ముసలాయన
స్టూలు తెచ్చి వేశాడు, ఎవరికో తెలీక మధ్యలో.

చెంచా అడిగిన ధరకే కొనేశాను.
వెండి కాదని త్సియాలా ఒక్క చూపుకే తేల్చింది.
దానికి తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?

రాత్రి మేజోడు విప్పి, సీసా తెరిచి,
ఆ చెంచాతోనే వంతులేసుకున్నాం.
"ఎలా ఉంది?" అన్నాను.
త్సియాలా నాలిక చప్పరించింది.
చాలాసేపు ఆలోచించింది.
"ఉప్పెక్కువైంది" అంది.