చిక్కటి నీళ్ళు

కువైట్‌లో నది లేదు.
సముద్రాన్ని కాచి, ఉప్పు తీసి
పెద్దింటి వెనక మా గది దాకా గొట్టాల్లో పంపుతారు.
అంత కష్టపడి పల్చబరిచిన నీళ్ళని
నేను మళ్ళీ చిక్కబరుస్తాను.
గ్లాసుకు రెండు చెంచాల పొడి. కలిపి, నిమిషం ఆగి,
చెంచా వంచితే తేనెలా జారాలి.
ముద్దగా పడిందా, పారబోసి మళ్ళీ మొదటికి.

ఓబులేసూ, గడ్డం కిందికి.
ఇంకా. ఎదకు ఆనేటట్టు.
ఇప్పుడు మింగు.
ఉత్తదే ఇంకోసారి మింగు.
ఏదీ, "ఆ" అను.

ఆ "ఆ"లో తడి వినబడితే
నా చేతిలో చెంచా గాల్లోనే ఆగిపోతుంది.
ఇరవై రెండేళ్ళు సాల్మియాకీ ఎయిర్‌పోర్టుకీ
బండి తోలుతూ వాగిన నోరు,
కఫీలుతో అరబ్బీలో, మెకానిక్కుతో ఉర్దూలో,
నాతో మాత్రం అచ్చంగా రాజంపేట తిట్లలో.
ఇప్పుడు ఆ నోటి నుంచి నాకు కావలసింది
ఒక్క పొడి అక్షరం.

మొదట చారన్నం పోయింది.
చారు ముందు పరిగెత్తుతుంది, మెతుకు వెనకబడుతుంది,
ఒకే ముద్దలో రెండు నడకలు,
ఎవరికి తలుపు తీయాలో గొంతుకు తెలియదని
మలయాళీ నర్సు చేతులు తిప్పుతూ చెప్పింది.
తర్వాత గోంగూర పీచు. తర్వాత చపాతి.
తర్వాత నవ్వు.
తినేటప్పుడు టీవీ కట్టేస్తాను, నవ్వొస్తుందేమోనని.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని
మా అమ్మ నెత్తి మీద తట్టేది.
నేను తట్టను. ముందుకు వంచి పట్టుకుంటాను,
ఆ ముఖం నల్లబడి, ఎర్రబడి, మళ్ళీ ఆయన ముఖం అయ్యేదాకా.
తలుచుకునే వాళ్ళారా,
మీకు దండం, ఓ గంట ఊరుకోండి.

సంకటి నమలకూడదు, మింగాలి, అది వాళ్ళ నాయన నేర్పిన విద్య.
పందెం కాసి ఏడు ముద్దలు మింగాడంట పెండ్లికి ముందు.
నేను చూడలేదు. ఆయన చెప్పిందే.
రెండు ముద్దలు తీసేసుకున్నా ఐదు ఉంటాయి.

రంజాన్ వచ్చింది.
ఊరు ఊరే పగలంతా గుటక వేయడం మానేసింది.
ఫిరంగి మోగాక ఉమ్ జాసిమ్ తానే హరీస్ తెచ్చింది,
గోధుమలూ మాంసమూ మెదిగి మెదిగి
ఏది ఏదో మరిచిపోయిన ముద్ద.
ఆమెకూ పళ్ళు లేవు.
మంచం అంచున కూర్చుని, గడ్డం వంచి,
ముందు తాను మింగి చూపించింది చిన్నపిల్లాడికి చూపినట్టు.
ఆయన ఐదు చెంచాలు తిన్నాడు. నలభై నిమిషాలు.
ఐదు, లెక్క సరిపోయింది అనుకున్నాను, ఎందుకో.

ఊపిరి గట్టిగా ఉండగానే
పొట్టకు గొట్టం వేయించాలన్నాడు డాక్టరు.
మూడు వారాలు ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.
అకామా కాగితాలూ గొట్టం కాగితాలూ ఒకే సంచిలో పెట్టుకుని
నేను ఏ ఆఫీసులో ఏది తీశానో నాకే తెలియదు.
నాలుగో వారం, ఫోను మీద ఒక్క బొటనవేలితో:
"వేయించు.
కానీ టీ."

చిక్కబరిచిన టీని ఎప్పుడో ఉమ్మేశాడు.
అందుకని నోరు కడిగి, పళ్ళు తుడిచి,
స్పాంజి పుల్లను కరక్ టీలో ముంచి
గట్టిగా పిండి
నాలుక మీద రాశాను, గోడకు సున్నం పూసినట్టు,
ఈ అంచు నుంచి ఆ అంచుకి.
యాలకుల వాసన గదంతా.
కళ్ళు మూసుకున్నాడు. గొంతు ఒక్కసారి కదిలింది.
దాంతోపాటు నాదీ కదిలింది.
ఎన్నాళ్ళుగా ఇలా కదులుతోందో.

గ్లాసులో టీ అంతా అట్లే ఉంది.
పారబోయబోతే చూపుతోనే ఆపాడు.
తాగాను.
ఒక్కో గుక్కనూ
నా గొంతు మీద కళ్ళు పెట్టి
చివరిదాకా చూశాడు.