తిరుగు తీగ

వరహాలమ్మగారింట్లో ముందుగది దీపం
పొద్దువాలితే రెప్పలు కొడుతోందట.
నెలలో నాలుగు బల్బులు మార్చారు.
తెల్లదారం, తెల్లగోడ, నిలవని వెలుగు.
లేసు అల్లికలో గొలుసుల లెక్క తప్పుతోందని కబురు.

మొగల్తూరు రోడ్డు దిగి
పంటకాలవ గట్టంట బండి పోనిచ్చాను.
సంచిలో టెస్టరు, కటింగు ప్లేయరు,
రెండు హోల్డర్లు, మా ఆవిడ పెట్టిన జంతికలు.

అరుగు మీద అప్పటికే ముగ్గురు వైద్యులు.
"రొయ్యల చెరువుల మోటార్లేనయ్యా,
ఆరయ్యేసరికి రెక్కలు తిప్పుతారు,
మన వెలుగంతా వాళ్ళ నీళ్ళలోకే."
ఇంకొకాయన బల్బు కంపెనీని తిట్టాడు.
మూడో ఆయన జంతికలు అడిగాడు.

గోడవతల పెచ్చెట్టివారి దీపం
కునుకు లేకుండా వెలుగుతోంది.
చెరువుల తప్పయితే వీధి వీధంతా రెప్పలార్పాలి.
తప్పు గోడకి ఇవతలే ఉంది.

హోల్డరు విప్పాను. కాస్త పచ్చచిలుము, అంతే
(సముద్రం ఆరు మైళ్ళే,
ఉప్పు ఎవరింట్లోకీ అడిగి రాదు).
స్విచ్చి విప్పాను.
గుడ్లు నోట కరుచుకుని చీమల పరుగు,
ఎండిపోయిన ఒక బల్లిపిల్ల. ఊది మూశాను.
ఫ్యాను వెయ్యమన్నాను, దీపం నీరసించింది.
మిక్సీ తిప్పమన్నాను, చచ్చిపోయింది.
అప్పుడు ప్లగ్గులో టెస్టరు పెడితే
కుడి కన్నంలో వెలిగింది.
ఎడమ కన్నంలోనూ వెలిగింది.

"రెండిట్లోనూ కరెంటుంటే మంచిదే కదా?"
అంది వరహాలమ్మగారు.

"అమ్మా, మీ చేలోకి నీళ్ళు తెచ్చేది పంటకాలవ.
తీసుకుపోయేది మురుక్కాలవ.
మురుక్కాలవ పూడితే
చేలో నీళ్ళకి కొదవుండదు,
వరే ఉండదు."
మూడెకరాల స్వర్ణ కుళ్ళిన ఏడు గుర్తొచ్చిందేమో,
ఇంకేం అడగలేదు.

నిచ్చెన వేశాను.
చూరు కింద, సర్వీసు వైరు ఇంట్లోకి దూరేచోట
నల్లటేపు చాలక ఎర్రటేపుతో ముగించిన చుట్టు,
కొస లోపలికి మడిచి, బొటనవేలితో అదిమి.
ఆ మడత నాకు తెలుసు.
పద్దెనిమిదేళ్ళ కిందట
సుందర్రావు మేస్త్రి దగ్గర కొత్తలో,
రాగికీ అల్యూమినియానికీ
ఉప్పుగాలిలో కాపరం కుదరదని తెలియని వేళ్ళు
మెలేసి కట్టిన ముడి అది.

లైన్‌మన్ నాగబాబుకి ఫోను చేశాను.
"ఆరు నిమిషాలే. రొయ్యలు తేలితే
చెరువులోళ్ళు నన్ను నమిలేస్తారు."
మోటార్లు ఆగాయి. ఊరు కప్పల పాలైంది.
టేపు విప్పితే లోపల తెల్లటి పిండి,
మాడి తెగిన పోగులు.
ఇల్లంతటినీ పట్టుకుని ఒకే ఒక్క పోగు.

కింద టార్చి పట్టుకున్న ఆవిడ:
"ఎవడయ్యా కట్టింది, ఇలాగ?"

చీకటుంది. నాలుగు నిమిషాలున్నాయి.
సుందర్రావు మేస్త్రి పోయి ఆరేళ్ళయింది,
ఆయన మీద తోసినా అడ్డొచ్చేవాడు లేడు.

"ఆయ్, నేనేనండి."

టార్చి కదల్లేదు.
కాసేపటికి, "మొన్న బల్లగుడ్డకి
నలభై వరసలు ఊడదీశాను. తప్పు మొదటి వరసలో ఉంది.
తొందరగా కానీ, దోమలు," అంది.

కొసలు మెరిసేదాకా గీకి, క్లాంపు బిగించి,
మళ్ళీ ఫోను చేశాను.
ముందు మోటార్లు దగ్గాయి. తర్వాత దీపం.
ఫ్యాను, మిక్సీ, టీవీ, అన్నీ ఒక్కసారి వేసి చూశాం.
వెలుగు బెసగలేదు.

డబ్బులొద్దన్నాను.
"అప్పుడు పుచ్చుకున్నావుగా,
ఇప్పుడూ పుచ్చుకో," అని జేబులో కుక్కింది.

వచ్చేటప్పుడు గట్టు మీద
బండి మెల్లగా నడిపాను,
ప్రతి ఇంటి చూరు కిందికీ చూస్తూ.
ఆ ఏడు ఎర్రటేపు పెద్ద చుట్ట కొన్నాను.
అయిపోయేదాకా వాడాను.