స్క్రూలు

దాలినాయుడు వెనక మూత విప్పి
బేరింగు తుప్పు వేలికి రాసుకుని చూపించాడు:
"ఉప్పుగాలి తినీసిందమ్మా."
డ్రయ్యర్ బాగుచెయ్యడానికి పద్దెనిమిది వందలు,
కొత్తదైతే డాబాగార్డెన్స్‌లో వాయిదాల మీద.

"మేడ మీద ఆరేసుకోవచ్చు కదా" అంటాడు.
వన్‌టౌన్‌లో, మేడ మీదా?
పోర్టు బొగ్గుపొడి
నా తెల్ల యూనిఫారం మీద
నాకంటే ముందు డ్యూటీ ఎక్కుతుంది.

వానాకాలం రాత్రులు
ఇది ఊగుతూ ఊగుతూ గచ్చు మీద
వంటింటి గుమ్మందాకా నడిచొచ్చేది.
కాలితో అదిమి పట్టుకుని
చంటాడికి పాలిచ్చిన రోజులున్నాయి.

కొత్తది చప్పుడు చెయ్యదట.

విప్పిన స్క్రూలు
సబ్బుపెట్టె మూతలో పోసి
నాయుడు అడుగుతున్నాడు, "ఏటి చేద్దాం?"

ఒకటి జారి
బీరువా కిందికి దొర్లింది.
ముందు దాన్ని వెతకాలి.