పరిగె

గురువారం రాత్రి పదిన్నరకి
ల్యాబు షట్టరు సగం దించి
ఉత్తరం మొదలుపెడతాను.
ఈ వారం నీళ్ళలో ఉప్పు ఇంత,
కరెంటు పోయింది ఇన్ని గంటలు,
వంద కౌంటు భీమవరంలో ఇంత, ఆకివీడులో రెండు రూపాయలు తక్కువ.
తెల్లమచ్చ కనబడిన ఊరు చెబుతాను,
చెరువు ఎవరిదో చెప్పను.
కింద, ఇట్లు, సువార్త.
మా నాన్న పెట్టిన పేరు.
ధర పడిపోయిన వారం
ఆ పేరు కొట్టడానికి వేళ్ళు రావు.

మొదటి ఉత్తరం ఏడుగురికి వెళ్ళింది.
అందులో ఒకటి నాకే.
ఇంకోటి మా తమ్ముడికి, వాడు ఇప్పటికీ తెరవలేదు.

సీసాలో నీళ్ళు పట్టుకొచ్చిన ప్రతివాళ్ళనీ అడిగేదాన్ని,
మెయిలుందాండీ?
"ఉండే ఉంటదమ్మా, ఫోను కొన్నప్పుడు
ఉండి సెంటర్లో కుర్రాడు ఏదో పెట్టాడు."
ఆ కుర్రాడి దగ్గరికెళ్తే
బజ్జీల నూనె అంటిన నోటుపుస్తకం తీశాడు.
నూట పన్నెండు మంది రైతులు,
అందరికీ ఒకటే పాస్‌వర్డు, వాడి బండి నంబరు.
"ఎక్కించేసుకో అక్కా."
వద్దురా, ఒక్కొక్కళ్ళనీ అడిగే రాసుకుంటానన్నాను.
పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

ఇరవై మూడు.
నలభై.
వాయుగుండం పట్టిన వారం ఒక్కసారే నూటారు,
వాన వెలిసాక తొంభై ఎనిమిది.

అప్పుడొచ్చాడు మేత కంపెనీ ఏజెంటు, పెన్‌డ్రైవు పట్టుకుని.
నాలుగు వేల పేర్లు, ఊరికే.
అడుగున మా మేత గురించి ఒక్క ముక్క రాస్తే చాలన్నాడు.

తీసుకున్నాను.
దాచేదేముంది, తీసుకున్నాను.
ఆ రాత్రి నాలుగు వేలమందికి పంపి
పెళ్ళివారి పిల్లలా నిద్రపోకుండా కూచున్నాను.
తెల్లారి చూస్తే తెరిచింది తొమ్మిది మంది.
ముగ్గురు తిట్టారు.
ఒకాయన మాత్రం మర్యాదగా రాశాడు:
"రొయ్య మానేసి మూడేళ్ళయిందమ్మా,
మళ్ళీ గుర్తుచెయ్యకు."
పై వారం నుంచి పాతవాళ్ళకీ
నా ఉత్తరం చెత్తబుట్టలోనే పడింది.

టెస్టు చెయ్యని పిల్లని తెచ్చి వదిలితే
చెరువేమవుద్దో
రోజూ పదిమందికి చెప్పే నోరే ఇది.

చెరువు ఎండగట్టినట్టే ఎండగట్టాను.
నాలుగు వేలూ తీసేశాను, ఒక్కో పేరూ చదివి మరీ.
సున్నం జల్లి వదిలేసినట్టు
రెండు గురువారాలు ఏమీ రాయలేదు.

ఈ చెరువులన్నీ ఒకప్పుడు వరిచేలు.
పనలు మోసుకుపోయాక
మా అమ్మమ్మ ఇక్కడే పరిగె ఏరేది.
పొద్దుగూకేసరికి ఒడిలో కుంచెడు గింజలైతే
ఆవేళ పాట పాడేది.
నిలబడి చూస్తే చేను ఖాళీయేనే,
వంగితేనే వెన్ను కనపడుద్ది, అనేది.

మళ్ళీ వంగాను.

ఇప్పుడు మూడువందల నలభై ఒకటి.
ఆ ఒకటి యేసోబు,
కాళ్ళకూరు వైపు గట్టు మీద పాకలో రాత్రి కాపలా.
"నాకు చెరువు లేదు కదమ్మా, నాక్కూడా పంపుతావా?"
అని అడిగి, ఒక్కో అక్షరం చెప్పి రాయించుకున్నాడు.
ఏరేటర్లు ఆపిన కాస్సేపట్లో
పక్క గట్ల కాపలావాళ్ళకి పైకి చదివి వినిపిస్తాడంట.
ఎంతమందిరా అంటే,
"చలికాలం ఆరుగురం, దోమలున్నప్పుడు నలుగురం."
వీళ్ళని ఏ లెక్కలో వెయ్యాలో నాకు తెలియదు.

ఇవాళ కిలోకి పద్నాలుగు రూపాయలు పడింది.
అంతా రాశాను.
ఇట్లు, దగ్గర ఆగి
పదకొండున్నర దాకా షట్టరు సందులోంచి కాలవ వంక చూస్తున్నాను.
ఫోను మోగింది.
అటునుంచి ఏరేటర్ల హోరు, దాని మీంచి యేసోబు గొంతు:
"ఇంకా రాలేదేంటమ్మా?
కూచున్నాం."