మిగిలిన పది లీటర్లు

రెడ్ హిల్స్ లెక్క పొద్దున్నే ఆరింటికొస్తుంది.
ఫోన్లో ధనపాల్ గొంతు, వెనక ఏదో పిట్ట.
అంకె చెప్తాడు, ప్రమాణం చెప్పడు.
అది కిలోలీటరో మెగాలీటరో
అతని దగ్గును బట్టి నేనే తెలుసుకోవాలి.

మా నాయనమ్మకి గిద్దకీ మానికకీ మధ్య
సోల ఉండేది, తవ్వ ఉండేది,
కాసేపు ఆగి ఊపిరి పీల్చుకునే మెట్లు.
నాకు కిలోలీటరు దాటితే
మూడు సున్నాలు, ఎవరూ కాపురముండని మూడు గదులు.
ఆ చివర మెగాలీటరు.
మళ్ళీ మూడు గదులు. గిగాలీటరు.
లోపలికి కేకేస్తే నా గొంతే తిరిగొస్తుంది.

ఘనమీటరన్నా కిలోలీటరన్నా ఒకటే నీళ్ళు.
పెళ్ళిలో ఒకే మనిషిని
ఇటువాళ్ళు బాబాయనీ
అటువాళ్ళు మావయ్యనీ పిలిచినట్టు.
ఇంజనీర్లు ఒకలా, లారీలవాళ్ళు ఒకలా.

మే పంతొమ్మిదిన నా చేతిలోంచి ఒక చుక్క జారింది.
నీటిచుక్క కాదు, దశాంశ చుక్క.
నాలుగొందల పన్నెండు మెగాలీటర్లున్న గడిలో
0.412 పడింది.
మధ్యాహ్నం దాకా మద్రాసు మొత్తానికి మిగిలింది
ముప్పై నాలుగు లారీలు,
ముప్పై అయిదోదాంట్లో మూడోవంతు.

ఎవరూ గోల పెట్టలేదు.
సంతకాలు పడ్డాయి. కాగితం మీద
ఎవరో టీ గ్లాసు పెట్టి తీశారు, గుండ్రటి మరక.
ఎండిన చెరువు మ్యాపులో ఇలాగే ఉంటుంది.

దిద్దేసి గేటు దగ్గరికొచ్చాను.
వ్యాసర్పాడి ఎండలో ప్లాస్టిక్ బిందెల వరస,
ఎరుపు, పచ్చ, చిలుం పట్టిన ఒక ఇత్తడిది.
ఏళుమలై లారీ ఇంకా రాలేదు.
చెంచమ్మ నీడలోంచి అడిగింది,
"ఏందమ్మే, మెగాలీటరు మెగాలీటరంటారే,
ఎన్ని బిందెలు?"

బిందెకి పదిహేను చొప్పున
చేతి మీద పెన్నుతో వేశాను.
అరవై ఆరు వేల ఆరొందల అరవై ఆరు.
పది లీటర్లు మిగుల్తాయి.

"ఆ పదీ నాకు పొయ్యి.
నిండు బిందె ఎత్తాలంటే
నడుం పట్టేస్తా ఉంది."

రిజిస్టరులో శేషానికి గడి లేదు.
మార్జిన్లో పెన్సిలుతో రాశాను:
పది. చెంచమ్మ.