దుబాసీ కుర్చీ

ఇద్దరి మధ్య కుర్చీ నాది.
ఎడమ చెవిలో హాంబర్గ్, కుడి చెవిలో జుగ్దీది.
జీతం మాత్రం ఎడమవైపు నుంచే వస్తుంది.

హేజెల్ కాయల గోదాము. బయట నల్లసముద్రపు వాన.
వీబ్కె లూర్స్ గొడుగు గుమ్మం పక్కన ఆనించి
కూర్చోకుండానే కాగితం తీసింది.
జోండో షోనియా ఇంకా
మా అమ్మ మోకాళ్ల దగ్గరే ఉన్నాడు,
నొప్పి తగ్గిందా, కాపడం పెడుతున్నారా అని.

"గింజలో తేమ ఎనిమిది. ఆరు దాటకూడదు" అందామె.
"ఈ ఏడు వానలు మిమ్మల్ని ఏడిపించాయట గదా" అన్నాన్నేను.
"వాన మన చేతిలో ఉందా తల్లీ" అన్నాడాయన.
"లోపం ఒప్పుకుంటున్నారు" అన్నాన్నేను.

మూడేళ్లుగా ఇదే పని.
ఆమె ముక్కుసూటితనానికి కాస్త వెన్న రాసి
ఆయన చుట్టుదారిని తాడులా లాగి
పొట్టపోసుకుంటున్నాను.
అబద్ధం అనను.
చిక్కబడిన పులుసులో నీళ్లు పోస్తే
అబద్ధమంటారా ఎవరైనా?

ఆగస్టులో సుల్గూని జున్ను తెచ్చాడు.
కోడలు తెల్లారకముందే లేచి చేసింది,
గుడ్డలో ఇంకా వెచ్చగా ఉంది.
ఆమె దాన్ని ఒక్క వేలితో వెనక్కి జరిపింది,
కోపంగా కాదు, బల్ల మీద కాగితం సర్దినట్టు.
"పద్నాలుగో పేజీ. సరుకిచ్చే వాళ్ల దగ్గర
కానుక పుచ్చుకోరాదు."

ఆ వాక్యంలోని ప్రతి మాటా మా భాషలో ఉంది.
అంత వయసు మనిషితో
అనడానికే నాకు నోరు రాలేదు.
"ఆవిడకి పాలు పడవట" అన్నాను.

మరుసటి నెల తేనె తెచ్చాడు.
ఆ పై నెల అక్రోటు పప్పు గుచ్చిన ద్రాక్షపాకం.
పాలు పడని ఆడమనిషికి
ఏది పడుతుందా అని
ఆ వీధంతా తర్జనభర్జన పడిందట.

ఇవాళ ఆమె చేతిలో హాంబర్గ్ ఉత్తరం.
"లంచం ఇవ్వజూపడం, మూడుసార్లు.
కాంట్రాక్టు నిలిపివేత."
ఈసారి పోయడానికి నా దగ్గర నీళ్లు లేవు.
ఉన్నదున్నట్టు చెప్పాను.

జోండో చాలాసేపు టోపీ అంచు తడుముకున్నాడు.
తర్వాత మొదటిసారి చుట్టుదారి వదిలేశాడు.
"అడుగు ఆమెని.
కాయలేరిన ఆడవాళ్లకి పొద్దుగూకేలోపు కూలిస్తాను.
ఇరవై రెండో పేజీలో
నా డబ్బు తొంభై రోజులు ఆపుకుంటామని రాసుకున్నారు.
ఆ తొంభై రోజులూ నేను వడ్డీకి తెచ్చి బతుకుతాను.
జున్ను పెడితే లంచమా,
ఇదేమో పద్ధతా?"

అదీ చెప్పాను, ఒక్క అక్షరం పోకుండా.
"సంతకం పెట్టారు కదా" అంది వెంటనే.
కాస్సేపటికి, నేలకేసి చూస్తూ,
"ఆ పేజీ నేను రాసింది కాదు" అంది.
తలెత్తి మళ్లీ తనే అడిగింది:
"వద్దని మొదటిసారే చెప్పాం.
మళ్లీ మళ్లీ ఎందుకు తెచ్చారు?"

ఈ ప్రశ్నని జార్జియన్‌లోకి మార్చాలి.
మార్చాను.
ఆయన నాకేసి చూశాడు.
"పాలు పడవన్నావు గదమ్మా?"
ఇప్పుడు దీన్ని జర్మన్‌లోకి మార్చాలి.

మూడేళ్లలో మొదటిసారి
ఇద్దరూ ఒకే భాషలో నావైపు తిరిగారు.

ఆమె కలం మూత పెట్టింది. నెమ్మదిగా అడిగింది,
"నాదాకా రానిది ఇంకేమైనా ఉందా?"

ఉంది.
ఐదో వరుస బస్తాల అడుగున బూజు.
అవి జోండో చెల్లెలి మొగుడివి.
"ఆ ఇంట్లో నేను రేపు భోజనానికి కూర్చోవాలి తల్లీ"
అన్నాడు పోయిన వారం.
నేను "ఆరా తీస్తున్నారు" అని మార్చాను.
ఎక్కడో ఏ పిల్లాడి చాక్లెట్‌లోకో వెళ్లే గింజలు.

గుమ్మం దగ్గర గొడుగు కారుతోంది.
ఆ నీళ్లు గచ్చు వాలు పట్టుకుని
ఐదో వరుసకేసి పాకుతున్నాయి.