పెన్సిలు పట్టేంత

షువైఖ్‌లో మా గ్యారేజీకి అది ట్రైలరెక్కి వచ్చింది.
నాలుగు టైర్లలో గాలి లేదు,
బానెట్టు కింద తేలు కాపురం.
మిలిటరీ ల్యాండ్ రోవరు, డెబ్భై నాలుగో మోడలు,
జహ్రా తుక్కుదొడ్లో దొరికిందంట.
"బెంచల్, ఇది మళ్లా నడవల్ల" అన్నాడు బూ జర్రాహ్.
నన్నే. పెంచలయ్యను.
ఇరవై రెండేండ్లయినా నా పేరులో మొదటి అక్షరం
ఆయప్ప నోట పలకదు.

నేను డెంటర్ని.
సుత్తి, పుట్టీ, ఉప్పుకాగితం.
ఏమీ జరగలేదని రేకుచేత చెప్పిస్తాను.
దానికే నాకు జీతం.

రంగు గీకితే ఇంకో రంగు.
పైన నీలం, ఎవరో దీంట్లో నీళ్లు తోలినారు.
దాని కింద తెలుపు.
అడుగున ఇసకరంగు, దానిమీద నాలుగు అరబ్బీ అంకెలు,
చివరిది సగమే మిగిలింది.
వాళ్ల ఏడును తలకిందులు చేస్తే ఎనిమిది.
ఏడో ఎనిమిదో తేల్చలేక
కండ్లద్దాలు తీసి గోటితో తడుముతా కూచున్నాడు,
మగ్రిబ్ బాంగు అయ్యేదాకా.
స్పీడు మీటరు పెషావర్ నుంచి వచ్చింది,
గుల్జమాన్ తమ్ముడు చొక్కాల నడుమ చుట్టి పంపినాడు.
మైళ్లలో ఉంది. ఉండనీ అన్నాడు.

డ్రైవరు తలుపు మీద వరసగా మూడు చిల్లులు.
శుక్రవారం, ఎవరూ లేని పూట,
నా మానాన నేను మొదటిదాన్ని పూడ్చినాను.
అల్యూమినియం అది, మంట రవ్వంత ఎక్కువైతే
నెయ్యిలాగ జారిపోతుంది.
ఊపిరి బిగబట్టి పూడ్చినాను.
చెయ్యి పెట్టి రాస్తే నాకే తెలీలేదు.

ఆయప్ప వచ్చి తలుపు ముందర గొంతుక్కూచున్నాడు.
ఒకటి, రెండు. మళ్లా ఒకటి, రెండు.
జేబులో పెన్సిలు తీసి మిగిలినవాటిలో దూర్చి చూసినాడు.
పట్టింది.
లేని చిల్లి మీద మొన ఆనించి
అట్లనే ఉండిపోయినాడు.

తిట్టుంటే బాగుండు.

"నువ్వు తోలిన బండేనా సార్ ఇది?"
"కాదు. నాది దొరకలేదు.
ఆ ఆగస్టు పొద్దున సాల్మీ రోడ్డు మీద
తాళంచెవి దాంట్లోనే వదిలేసి నడిచిపోయినాను.
ఇది దాని ఈడుది."
"మరి ఈ చిల్లులు?"
"ఎవరివో."
టీలో చక్కెర కలియదిప్పుతా, కరిగిపోయినాక కూడా తిప్పుతా,
"ఎవరివో ఒకరివి కదా, బెంచల్."

పూడ్చేదానికి గంట పట్టింది,
తెరిచేదానికి మూడు దినాలు.
డ్రిల్లు పెడితే గుండ్రంగా, బుద్ధిగా వస్తుంది,
తూటా అంత బుద్ధిగా పోదు.
అంచు లోపలికి వంగల్ల, ఒక పక్క చీలల్ల.
తోడువి రెండిటినీ చూసి చూసి
చిన్న ఆకురాయితో, ఉలి మొనతో
దెబ్బను దెబ్బలాగ చేసినాను.
పనితనం కనపడకుండా చేయడం నాకు అలవాటే గానీ
చేతులు ఇట్లా వణకడం ఎప్పుడూ లేదు.
మసి రాసినాను. కడిగినాను. మళ్లా రాసినాను.
పెన్సిలు పట్టింది.

ఫిబ్రవరిలో సముద్రపు ఒడ్డున ప్రదర్శన.
తాడు కట్టిన గీతకు ఇవతల
ట్రక్కులు, జీపులు, చక్రాలు లేని ఒక ఫిరంగి,
మీసాలకు నూనె రాసుకొచ్చిన యజమానులు.
కెమెరా వేలాడేసుకున్న ఒకాయన మా తలుపు దగ్గర వంగి
మూడు చిల్లులనూ చూసి
మొదటిదాన్నే దగ్గరగా ఫోటో తీసుకున్నాడు.
"చూడు, ఇది అసలైన దెబ్బ" అని కొడుక్కి చెప్పినాడు.
పిల్లోడు దాంట్లో వేలు పెట్టినాడు.
బూ జర్రాహ్ నా దిక్కు చూడలేదు,
నేనూ ఆయప్ప దిక్కు చూడలేదు.
ఇద్దరం సముద్రం చూసినాం కాసేపు.

శనివారం ఒక లెక్సస్ వచ్చింది, తలుపు సొట్టపడి.
"తగిలినట్టు కూడా తెలీకూడదు" అన్నాడు కుర్రోడు.
సరేనన్నాను.
సుత్తి ఎత్తే ముందర, ఎందుకో,
ఆ సొట్టలో అరచెయ్యి పెట్టి చూసినాను,
ఏ పక్కనుంచి తగిలిందో అని.